రోజంతా పుస్తకం ముందే ఉంటాడు, మార్కులు మాత్రం రావు: ఒక అమ్మ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అబ్బాయి చదువు కోసం నేను, వాడు అనంతపురంలో రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకుని ఉంటున్నాం. వాళ్ల నాయన ఊర్లోనే సేద్యం చూసుకుంటాడు. వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, డే స్కాలర్. కాలేజీ నుంచి వచ్చినప్పటి నుంచి పుస్తకం ముందే ఉంటాడు, పరీక్ష పెడితే సగం మార్కులు కూడా రావు. మా ఆడబిడ్డ కొడుకు విజయవాడ రెసిడెన్షియల్‌లో పొద్దున 5 నుంచి రాత్రి 10:30 దాకా చదువుతాడంట. మావాడేమో ఫోన్‌లో చూసి, టైమ్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరతానంటున్నాడు. మూడు నెలలు, రోజూ గంట, ఫీజు 4,999 రూపాయలు. కోర్సులో చేర్పించాలా, రెసిడెన్షియల్‌కు మార్చాలా? వాడు గీసుకున్న టైమ్‌టేబుల్ ఫొటో పంపుతున్నాను. రెండేళ్లు ఊరు వదిలి వచ్చాను సార్, ఇదంతా వృథా అవుతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, కోర్సా రెసిడెన్షియలా అనే ప్రశ్న నా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తుంది. దానికీ జవాబు చెబుతాను. అయితే మీ అసలు ప్రశ్న ఉత్తరం చివరి వాక్యంలో ఉంది కాబట్టి ముందు దానికి చెప్పనివ్వండి. ఏమీ వృథా కాలేదు. చదువు మీద మనసు లేని పిల్లవాడు టైమ్‌టేబుల్ గీయడు, బాగుపడాలని కోర్సు వెతుక్కోడు. మీవాడికి శ్రద్ధ ఉంది, భయమూ ఉంది. ఏం చేయాలో తెలియక ఆ రెండింటి మధ్య నలిగిపోతున్నాడు.

ఆ ఫొటో చాలాసేపు చూశాను. స్కేలు పెట్టి గీసిన గళ్లు, నాలుగు రంగుల స్కెచ్‌పెన్నులు. 4:30కి లేవడం, 4:45కి ధ్యానం, 5 నుంచి 7 దాకా ఫిజిక్స్, అలా మొత్తం 19 వరుసలు. రాత్రి భోజనానికి 10 నిమిషాలు ఇచ్చుకున్నాడు. నిద్ర 11:30కి. కింద ఎర్ర సిరాతో "ఈసారి తప్పదు" అని రాసి, ఆ మాట కింద రెండు గీతలు గీశాడు. మీరు గమనించారో లేదో, కాగితం వెనకవైపు సిరా ఇవతలికి ఊరింది. జూమ్ చేసి చూస్తే అవి కూడా గళ్లే. అంటే అదే కాగితానికి రెండో వైపు ఇంకో టైమ్‌టేబుల్ ఉంది. ఇది మొదటిది కాదు, రెండోదో మూడోదో. ఒక్కొక్కటి తప్పినప్పుడల్లా ఆ పిల్లవాడు తనను తాను ఎంత తిట్టుకుని ఉంటాడో ఆ "ఈసారి" అన్న మాటలోనే తెలుస్తోంది.

తప్పు వాడిది కాదు, ఆ టైమ్‌టేబుల్‌ది. 19 వరుసల్లో ఎక్కడా ఖాళీ లేదు. ఒక లెక్క 20 నిమిషాలు ఎక్కువ తిన్నదంటే మిగతా రోజంతా కూలిపోతుంది. ఏ పనికి ఎంతసేపు పడుతుందో ముందే అంచనా కట్టడంలో మనుషులందరం తప్పుతాం. 1994లో అచ్చయిన కెనడా అధ్యయనం ఒకటి ఉంది. ప్రాజెక్టు రిపోర్టు ఎన్ని రోజుల్లో ముగిస్తారని డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థులను అడిగితే, సగటున 34 రోజులన్నారు. నిజానికి పట్టింది 55 రోజులకు పైనే. అలాంటిది పదిహేడేళ్ల పిల్లవాడు నిమిషాల లెక్కన రోజును కోసుకుంటే ఎట్లా నిలబడుతుంది? పదేళ్ల కిందట నేనే పిల్లలకు ఇలాంటి టైమ్‌టేబుళ్లు ప్రింట్ తీసి ఇచ్చేవాణ్ణి. నాలుగో రోజు దాటి నిలిచినవి నేను చూడలేదు. ఇవ్వడం మానేశాను.

ఇక కోర్సు సంగతి. వద్దు. డబ్బు వల్ల మాత్రమే కాదు.

ఈ మధ్య ఫోన్ తెరిస్తే ఇవే. పొద్దున 4కి లేచేవాళ్ల వీడియోలు, 12 గంటలు కెమెరా ముందు కూర్చుని చదివేవాళ్ల వీడియోలు, అలవాట్లకు టిక్కులు పెట్టుకునే యాప్‌లు. ఇవి చూస్తున్నంతసేపూ చదువుతున్నట్టే ఉంటుంది. అదే వీటిలో ఉన్న చిక్కు. టైమ్‌టేబుల్ గీసిన ఆదివారం రాత్రి పిల్లవాడు తృప్తిగా పడుకుంటాడు, కానీ ఆ రోజు ఒక్క లెక్క కూడా చేసి ఉండడు. సిద్ధం కావడమే పని అయిపోతుంది. మీవాడి కోర్సు రోజుకు గంట, మూడు నెలలు, అంటే 90 గంటలు. సమయం లేదని బాధపడే పిల్లవాడి చేతిలోంచి, సమయం ఎలా వాడుకోవాలో నేర్పుతామని 90 గంటలు తీసుకుంటారు. ఆ గంటల్లో వాడు ఫిజిక్స్ సగం పుస్తకం లెక్కలు చేసేయగలడు.

పైగా అందులో చెప్పేవాటిలో రహస్యం ఏమీ లేదు. అన్నింటికన్నా పేరున్న పద్ధతి 'పోమొడోరో'. 25 నిమిషాలు ఒకే పని, తర్వాత 5 నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, పుస్తకం మీద మనసు నిలవక, కనీసం 10 నిమిషాలు నిజంగా చదవగలనా అని తనతో తానే పందెం వేసుకున్నాడు. వంటింట్లో టమాటా ఆకారంలో ఉన్న టైమర్ తెచ్చి పెట్టుకున్నాడు. ఇటాలియన్‌లో పోమొడోరో అంటే టమాటా, పేరు అలా వచ్చింది. మీవాడికి చెప్పాల్సింది ఆ మొదటి పది నిమిషాల సంగతి. ఆయన కూడా మీవాడిలాగే మనసు నిలవని పిల్లవాడే, 10 నిమిషాలతోనే మొదలుపెట్టాడు. దీనికి 4,999 రూపాయలు అక్కర్లేదు, ఇంట్లో గోడ గడియారం చాలు. ఉద్యోగం, ఇల్లు, అప్పులు, పదిమందితో పనులు ఒకేసారి మోసే పెద్దవాళ్లకు అలాంటి కోర్సు పనికొస్తుందేమో. ఇంటర్ పిల్లవాడి ముందు ఉన్నవి నాలుగైదు పుస్తకాలు. ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి వాడికి కోర్సు ఎందుకు?

4:30కి లేవడం గురించి ఇంకాస్త గట్టిగా చెబుతాను. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. ఆ వయసులో ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి తొందరగా నిద్ర రాదు, పొద్దున తొందరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు. మీవాడు రాసుకున్నది 5 గంటల నిద్ర. పగలు చదివినది తలలో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదివిస్తే అడుగు పోయిన బిందెలో నీళ్లు పోసినట్టే. రాత్రి 10:30కి పడుకుని 6:30కి లేవనివ్వండి. ఆడబిడ్డ కొడుకు 5కే లేస్తున్నాడని మీకు లోపల గుబులుగా ఉంటుంది, ఉండనివ్వండి.

మరి రోజంతా పుస్తకం ముందే ఉన్నా మార్కులు ఎందుకు రావు? చాలామంది పిల్లల్లో నేను చూసింది ఒకటే, చదివిందే చదవడం. మళ్లీ చదివితే వాక్యం తెలిసినట్టే అనిపిస్తుంది, వచ్చేసిందనుకుంటారు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠం మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది, మూసి రాసినవాళ్లే ముందున్నారు. పరీక్ష వచ్చేది అయిదు నిమిషాల తర్వాత కాదు కదమ్మా. అందుకే మీవాడు రోజూ పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయాలి. సూత్రం ఎలా వచ్చిందో రాయాలి, చేసిన లెక్కే జవాబు చూడకుండా మళ్లీ చేయాలి. మొదట్లో సగం కూడా రాదు. కష్టంగా, అవమానంగా ఉంటుంది. పిల్లలు దాన్నుంచి తప్పించుకోవడానికే మళ్లీ పుస్తకం తెరుస్తారు. ఆ కష్టం పడుతున్న అరగంటే చదువు.

మీది సేద్యం ఇల్లు కాబట్టి ఒక మాట సులువుగా అర్థమవుతుంది. వాన పడిన వెంటనే మీ ఆయన గొర్రు కట్టడు, మట్టి అంటుకుంటుంది. ఎండి గట్టిపడే దాకా ఆగడు. పిడికిట్లో మట్టి పట్టి నొక్కి చూసి, పదును ఉందంటే ఇంటిల్లిపాదీ అన్ని పనులూ పక్కన పెట్టి విత్తనం వేస్తారు. ఏడాది పొడుగునా పొలంలో తిరిగినా వేరుశెనగ పండేది ఆ రెండు మూడు రోజుల వల్లే. పిల్లల బుర్రకూ రోజులో అలాంటి పదును ఉంటుంది. ఒకరికి పొద్దున టిఫిన్ తిన్నాక, ఒకరికి రాత్రి 8 తర్వాత. రోజుకు రెండు పూటలు, ఒక్కోటి గంటో గంటన్నరో, అంతకన్నా ఎక్కువ దొరకడం కష్టం. కష్టమైన సబ్జెక్టు ఆ పూటల్లో పడాలి. రికార్డులు రాసుకోవడం, ఇంగ్లిష్, తెలుగు మిగతా వేళల్లో చేసుకోవచ్చు. మీవాడు పదునున్న వేళ టైమ్‌టేబుల్ గీసి, ఎండిపోయాక ఫిజిక్స్ తెరుస్తున్నాడేమో చూడండి.

ఆ పూటలు ఏవో తెలియడానికి ఒక పని చేయించండి. మూడు రోజులు ప్లాన్ ఏమీ వద్దు, జరిగింది జరిగినట్టు చిత్తు పుస్తకంలో రాసుకోవాలి. ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు లేచాడు, ఎందుకు లేచాడు, అంతే. నిరుడు ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సెలవు రోజుల్లో 11 గంటలు చదువుతున్నానని చెప్పింది. రాయిస్తే, నిజంగా చదివింది 3 గంటల 20 నిమిషాలని తేలింది. నా ముందే ఏడ్చేసింది. తిట్టడానికి రాయించలేదు తల్లీ, 3 గంటల 20 నిమిషాల నిజమైన చదువు చిన్నదేమీ కాదు, ఇంకో గంట కలుపుదాం, మిగతా గంటలు ఆడుకో, నిద్రపో అన్నాను. పుస్తకం పట్టుకుని కూర్చున్న మిగతా ఏడు గంటలకు పైగా ఆ అమ్మాయి అటు చదువూ లేక, ఇటు విశ్రాంతీ లేక కాలిపోయింది. మీవాడిదీ అదే అయి ఉండవచ్చు.

ఇప్పుడు మీకు ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ఆ చిత్తు పుస్తకంలో 'ఎందుకు లేచాడు' అన్న చోట మీ పేరు కూడా పడుతుంది. పాలు ఇవ్వడానికి ఒకసారి, కరివేపాకు తెమ్మని ఒకసారి, నాయన ఫోన్ చేశాడని ఒకసారి, ఊరికే చదువుతున్నాడో లేదో చూడడానికి నాలుగుసార్లు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లెక్క మొదటికొస్తుంది. అంతకన్నా బరువైన సంగతి ఇంకొకటి ఉంది. మీరు ఊరు, మొగుడు, ఇరుగుపొరుగు అన్నీ వదిలి ఆ రెండు గదుల్లో కూర్చున్నారు. మీకు ఆ ఊళ్లో వాడు తప్ప వేరే పని లేదు. అందుకే వాడు నీళ్లు తాగడానికి లేచినా మీకు భయం వేస్తుంది. ఆ భయం వాడికి తెలుస్తుంది. మా అమ్మ రెండేళ్ల జీవితం నా మార్కుల మీద ఉందని తెలిసిన పిల్లవాడు పుస్తకం మూసి రాసి చూసుకోలేడు, రాకపోతే ఏమైపోతామో అని. ఊరికే తెరిచి కూర్చుంటాడు, మీరు చూసేటప్పటికి చదువుతున్నట్టు కనబడాలి కాబట్టి. "ఎన్ని గంటలు చదివావు" అని అడిగితే గంటలే చూపిస్తాడు. ఆ ప్రశ్న ఈ రోజు నుంచి మానేయండి. అడగాలనిపిస్తే "ఈ రోజు ఏ లెక్క ఇరుక్కుంది" అని అడగండి. జవాబు మీకు అర్థం కాకపోయినా వినండి. ఆడబిడ్డ కొడుకు పేరు ఇంట్లో ఎత్తకండి, ఫోన్‌లో కూడా.

రెసిడెన్షియల్ గురించి అడిగారు. అక్కడ ఫోన్ ఉండదు, బజారు పని ఉండదు, ఎప్పుడు ఏం చేయాలో గంట కొట్టి చెబుతారు. కొందరికి అది కలిసొస్తుంది, కాదనను. అయితే సెకండియర్ మధ్యలో మారిస్తే పాఠాల వరుస కలవదు, కొత్త చోట కుదురుకోవడానికే నెల పోతుంది. రెండేళ్లు గంట మీద నడిచిన పిల్లలు బీటెక్ ఫస్టియర్ హాస్టల్లో, గంట కొట్టేవాళ్లు లేక, సాయంత్రాలు ఏం చేసుకోవాలో తెలియక సబ్జెక్టులు పోగొట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. మీవాడు తన వేళను తాను చూసుకోవడం ఇప్పుడే తప్పులతో నేర్చుకుంటున్నాడు. నేర్చుకోనివ్వండి. మార్చకండి.

ఫోన్ సంగతి వాడితో మాట్లాడి ఒప్పించండి, లాక్కోకండి. పదును ఉన్న ఆ రెండు పూటలు మాత్రం ఫోన్ వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉండాలి. మీ ఫోన్ కూడా దాని పక్కనే. ఆ పూటల్లో లేవకుండా ఒకే పని మీద కూర్చునేది మొదటి వారం 10 నిమిషాలు, తర్వాత 25. వారంలో ఒక పూట, ఆదివారం సాయంత్రం అనుకోండి, పూర్తిగా వాడిది, క్రికెట్ ఆడినా పడుకున్నా అడగవద్దు.

మీరు పదిహేను రోజులకోసారి శనివారం బస్సెక్కి ఊరికి వెళ్లి రండి. టిఫిన్‌కు ఉగ్గాని చేయడానికి బొరుగులు నానబెట్టడం, పోపు పెట్టడం వాడికి ఒకసారి చూపిస్తే ఒక్క పూట వాడే చేసుకుంటాడు. మూడు రోజుల చిత్తు పుస్తకం అయ్యాక ఫొటో తీసి నాకు పంపండి. పంపే ముందు మాత్రం వాణ్ణి అడగండి. ఈ టైమ్‌టేబుల్ ఫొటో వాణ్ణి అడగకుండానే తీసి ఉంటారని నాకు అనిపిస్తోంది.