దీపాలు ఆర్పాక మొదలయ్యే పని

దేవరకొండ,
ఏప్రిల్ చివరి వారం

ప్రియమైన బిడ్డకు, ప్రభువు నామంలో శుభాలు.

మే నెలలో పిల్లల శిబిరానికి కౌన్సిలర్‌గా వెళ్తున్నావని ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మ చెప్పింది. అచ్చంపేట దాటాక, మన్ననూరు ఇంకా రాకముందు, నల్లమల అంచునే కదా? ఆ చోటు నాకు బాగా తెలుసు. నువ్వు ఫోనులో అడిగినవన్నీ పాటల గురించి, కథల బొమ్మల గురించి. వాటికి నా సలహా ఎందుకు? నాలుగేళ్లుగా వీబీఎస్‌లో, అదే మన సెలవుల బైబిలు బడిలో, చేస్తున్న పనే. కాకపోతే వీబీఎస్ పిల్లలు మధ్యాహ్నానికి ఇళ్లకు వెళ్లిపోతారు, శిబిరం పిల్లలు వెళ్లరు. తేడా అంతా అక్కడే ఉంది. రాత్రి తొమ్మిదింటికి దీపాలు ఆర్పాక నీ అసలు పని మొదలవుతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసిన గర్వం ఒకటి. బాల సమూయేలు కథ కోసం ఫ్లానెల్ గుడ్డ మీద అంటించే బొమ్మలు పదకొండు చేసుకుని వెళ్లాను. కథ బ్రహ్మాండంగా కుదిరింది. ఆ రాత్రే ఒక పాప వచ్చి నా భుజం తట్టి "అక్కా" అంది. "వెళ్లి పడుకో" అన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట అన్నాను. మూడోసారి వచ్చిన సంగతి నాకు తెలియనే తెలియదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి లెక్క చూసుకుంటే ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఏడుగురే ఉన్నారు.

నా కాళ్లు చల్లబడ్డాయి. చివరికి వంటపాకలో దొరికింది. ఒంటికి వెళ్దామని లేచి, చీకట్లో దారి తప్పి, పొయ్యి వెలుగు చూసి అటు నడిచిందట. వంటావిడ ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆవిడ నన్ను ఏమీ తిట్టలేదు. కదలకుండా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, "మూడుసార్లు లేపిందట కదమ్మా" అని మాత్రం అంది. సమూయేలు కథలో ముసలి యాజకుడు ఏలీ కూడా, దేవుడు పిలిస్తే ఆయనే పిలిచాడనుకుని వచ్చిన పిల్లవాడితో రెండుసార్లు "వెళ్లి పడుకో" అన్నవాడే. మూడోసారికి సంగతి గ్రహించాడు. నేను గురక పెడుతున్నాను.

అందుకని చెబుతున్నాను, నీ చాప తలుపు దగ్గరే వేసుకో. ఎవరు బయటికి వెళ్లినా నిన్ను దాటి వెళ్లాలి. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చిన్నవాళ్లను లేపి ఇద్దరిద్దరిగా ఒంటికి తీసుకెళ్లు. అయినా పక్క తడిపేవాళ్లు ఉంటారు. ఒక ఏడాది ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె తెల్లవారకముందే లేచి, బొంత మీద బిగుసుకుని కూర్చుంది. లేవదు, మాట్లాడదు. రెండు చేతులతో బొంత అంచు పట్టుకుని పక్కవాళ్ల ముఖాలే చూస్తోంది. నాకు అర్థమై, మూలనున్న నీళ్ల బిందెను తన్నుకున్నట్టు తన్నాను. నాలుగు పడకలు తడిశాయి. అందరూ నన్ను తిట్టుకుంటూ లేచారు. బొంతలన్నీ కలిపి కంచె మీద ఆరేశాం. ఆ పిల్ల ఆ రోజంతా నా కొంగు వదల్లేదు.

పాముల గురించి మీ అమ్మ భయపడుతోంది. భయం కన్నా జాగ్రత్త ముఖ్యం. నేల మీద పడుకునేవాళ్లను రాత్రిపూట కరిచేది ఎక్కువగా కట్లపాము. దోమతెర కట్టి, దాని అంచులు చుట్టూ చాప కిందికి మడిచిపెట్టు. దోమల కన్నా దీనికే అది ఎక్కువ అవసరం. ఈ పాము కాటు పెద్దగా నొప్పి పెట్టదు, ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పి అంటుంది, కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. రాత్రి తిన్న గుడ్డు పడలేదేమో అని వాము నీళ్లు తాగించి పడుకోబెట్టేవాళ్లను చూశాను. అలా చేయకు. కోయకు, తాడు బిగించి కట్టకు, నాటు మందు జోలికి పోకు. పిల్లను నడిపించకుండా ఎత్తుకుని బండి ఎక్కించాలి. 108కి ఫోన్ చేస్తూనే శిబిరం జీపునూ సిద్ధం చేయించు. తేలు కుడితే నొప్పితో ఏడుస్తారు, అది మామూలే. ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. వెళ్లిన రోజే రెండు సంగతులు కనుక్కో: ఫోన్ సిగ్నల్ ఏ బండ మీద నిలబడితే అందుతుంది, రాత్రి జీపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది.

ఎండ సంగతి నీకు కొత్త కాదు. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే ఆటలు. ఎవరైనా పిల్లకు ఒళ్లు కాలిపోతూ మాటలు తడబడితే తడిగుడ్డలతో తుడుస్తూ ఆసుపత్రికి బయలుదేరడమే. సాయంత్రం పూట తునికి పండ్ల కోసమని చెట్లలోకి జారుకుంటారు, జాగ్రత్త. ఆ పండ్లు ఎలుగుబంట్లకూ ఇష్టమే. యేసును చూడాలని చెట్టెక్కిన జక్కయ్య కథ చెప్పే రోజున మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండు. నేను మేడి చెట్టు గురించి వర్ణించి వర్ణించి చెప్పిన గంటకు ఆవరణలో ఒక్క చెట్టూ ఖాళీగా లేదు.

పిల్లలు ఎవరెవరు వస్తారో కాస్త తెలుసుకో. పాలమూరు వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల వాళ్లు, నల్గొండ వైపు బాప్టిస్టులు, ఈ మధ్య స్వతంత్ర సంఘాల వాళ్లూ ఎక్కువగానే వస్తున్నారు. ఒకే పాటను మూడు రాగాల్లో పాడి కొట్లాడుకుంటారు. నువ్వు తీర్పు చెప్పకు, రెండో రోజుకు వాళ్లే ఏదో ఒకటి కలిపేస్తారు. తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. పగలు తెలుగు బాగానే వస్తుంది కానీ, రాత్రి జ్వరంలో తల్లిని "యాడీ" అనే పిలుస్తారు. కడుపునొప్పికి, దాహానికి వాళ్ల భాషలో ఏమంటారో మొదటి రోజే వాళ్లనే అడిగి నేర్చుకో. నీకు నేర్పడం వాళ్లకు ఎంత గొప్పగా ఉంటుందో చూస్తావు. కొందరి అమ్మానాన్నలు పనులకు వలస వెళ్లి ఉంటారు. "మీ అమ్మానాన్నలకు ఉత్తరం రాయండి" అని అందరికీ ఒకేలా కాగితాలు పంచకు. అవ్వకో తాతకో రాసేవాళ్లు ఉంటారు, ఏ ఊరికి పంపాలో తెలియనివాళ్లూ ఉంటారు.

మరొకటి. మా రోజుల్లో మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలు పాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఫ్లోరైడ్ నీళ్లకు గార పట్టిన పళ్లు. నేనేమో ముందు వరుసలో నిలబడి "నవ్వుతూ పాడండి" అని అరిచేదాన్ని. మూడో రోజుకు గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, ఆ పళ్లు తక్కువగా కనిపిస్తున్నాయి. అయినా శిబిరంలో తాగేది బోరు నీళ్లయితే పరీక్ష చేయించారా అని అడుగు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

పెద్దపిల్లల్లో ఎవరో ఒకరు అక్కడే పెద్దమనిషి కావచ్చు. నీ సంచిలో ప్యాడ్లు, ఒక నల్ల లంగా ఉంచుకో. ముందు ఆ పిల్లకు ధైర్యం చెప్పు, తర్వాత వాళ్ల అమ్మకు నువ్వే ఫోన్ చెయ్యి. ఫంక్షన్ ఎప్పుడు, ఎంతమందిని పిలవాలి అన్నది వాళ్లింటి వ్యవహారం. పాస్టరుగారికి, మైకుకు దాంతో పని లేదు.

ఇక ఆఖరి రాత్రి. మంట చుట్టూ కూర్చోబెట్టి, మెల్లగా గిటారు వాయిస్తూ, ప్రభువుకు జీవితం సమర్పించుకునేవాళ్లు చెయ్యి ఎత్తండి అంటారు. నా మాట కొందరు పెద్దలకు నచ్చదు, అయినా చెబుతాను. ఏడ్చిన ప్రతి పిల్లా మారుమనస్సు పొందినట్టు లెక్క రాయకు. ఐదు రాత్రుల నిద్రలేమి, ఇంటి మీద బెంగ, పక్కపిల్ల ఏడుస్తోందన్న దిగులు, ఇవన్నీ ఆ కన్నీళ్లలో ఉంటాయి. స్నేహితురాలితో కలిసి వచ్చిన వేరే మతం పిల్లలూ ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులు పంపింది ఆటపాటలకని నమ్మి. వాళ్ల చెయ్యి పట్టుకుని పైకి ఎత్తించే హక్కు మనకు లేదు. నిజంగా అడగాల్సింది ఉన్న పిల్ల మంట ఆరిపోయాక, చీకట్లో, నీ చాప దగ్గరికి వచ్చి అడుగుతుంది. అప్పుడు మెలకువగా ఉండు.

అలా వచ్చినవాళ్లలో ఒకరు వేరే రకం మాట కూడా చెప్పవచ్చు. "అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అని మొదలుపెడతారు. ఒట్టు వేయకు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను" అను. తవ్వి తవ్వి ప్రశ్నలు వేయకుండా విను, ఆ పిల్ల మాటలను అలాగే రాసిపెట్టుకో, శిబిరం బాధ్యులకు ఆ రాత్రే చెప్పు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా చట్టం ఒక్కటే. సంఘం పరువు పోతుందని ఎవరైనా నిన్ను ఆపితే నువ్వే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చెయ్యి. నీ విషయంలోనూ ఒక నియమం పెట్టుకో: ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకు.

చూడటానికి వస్తామని ఎవరైనా తల్లిదండ్రులు ఫోన్ చేస్తే పగటిపూట రమ్మని చెప్పు. శ్రీశైలం వైపు నుంచి వచ్చేవాళ్లకు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అడవి దారి మూసి ఉంటుంది.

వంటావిడకు రోజూ ఒక పావుగంట ఉల్లిపాయలు తరిగిపెట్టు. శిబిరంలో ఏ పిల్ల తినడం లేదో, ఏ పిల్ల రెండుసార్లు వడ్డించుకుని సగం దాచుకుంటోందో అందరికన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

మామిడికాయ తొక్కు సీసా ఒకటి, నా పాత టార్చి లైటు మీ అమ్మ చేతికి ఇచ్చి పంపుతున్నాను. సెల్స్ కొత్తవి వేశాను. స్విచ్ కాస్త మొరాయిస్తుంది, బొటనవేలితో గట్టిగా నొక్కాలి. పడుకునే ముందు దిండు కింద కాదు, కుడిచేతి పక్కన పెట్టుకో.

మీ పెద్దమ్మ