బర్నౌట్ అని పేరు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి "వాడికి బద్ధకం ఎక్కువైందక్కా, పుస్తకం ముట్టడు, పిలిస్తే కసురుకుంటుండు" అన్నది. నువ్వేమో "పెద్దమ్మా, నాకు బర్నౌట్ వచ్చింది" అని మెసేజ్ పెట్టావు. ఇప్పుడే ఇద్దరి మాటా ఖాయం చేయను. ఉద్యోగమంతా వార్డుల్లో నర్సుగా గడిపినదాన్ని. ఒళ్లు కాలుతోందన్నా థర్మామీటర్ పెట్టకుండా చార్టులో రాయలేదు.

పంచాయతీ కార్యదర్శిగా నీ మీద బరువు తక్కువేం కాదు. తెల్లారగానే పంచాయతీలో చెత్త ట్రాక్టర్ కదిలిందా, మోరీలు తీశారా చూసి యాప్‌లో ఫోటోలు పెట్టాలి. పగలంతా ఇంటిపన్ను, నర్సరీ, బోరు మోటరు కాలిందని వచ్చేవాళ్లు. సాయంత్రం మహబూబ్‌నగర్ లైబ్రరీలో గ్రూప్-2 పుస్తకాలు. ఇంత చేస్తే ఎవరైనా అలసిపోతారు. అలసట ఒక్కటే ఉంటే దాన్ని బర్నౌట్ అనరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను పని ఒత్తిడి ఎడతెగకుండా సాగడం వల్ల వచ్చే స్థితిగా చెప్పింది, జబ్బుల లెక్కలో వేయలేదు. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తంతా పీల్చేసినట్టు ఉండటం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగా చేయడం లేదనిపించడం. ఆ సంస్థ ఉద్యోగానికే ఈ మాట వాడింది. చదువుకునేవాళ్లలోనూ ఈ మూడూ కనిపించడంతో పరిశోధకులు విద్యార్థుల కోసం వేరే ప్రశ్నావళి తయారు చేశారు.

వీటిలో రెండోదాన్ని బాగా కనిపెట్టు. మా వార్డులో ఒక చిన్న వయసు నర్సు ఉండేది, చేయి చాలా మంచిది, చిన్నపిల్లలకు కూడా ఒక్కసారికే సూది పెట్టేది. కొన్నాళ్లకు రోగులను పేర్లతో పిలవడం మానేసింది. "ఏడో బెడ్డు మళ్లీ మొదలుపెట్టింది" అనేది. ఇంజెక్షన్ ఒక్కటీ తప్పలేదు, రిజిస్టరులో ఒక్క గడి ఖాళీ లేదు. బిడ్డ పోయిన తల్లి ఈ నర్సు కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తుంటే మాత్రం ఆమె సెలైన్ స్టాండ్ సర్దుకుంటూ పోయింది. పని కాగితాల మీద సాగుతూనే ఉంటుంది కాబట్టి పైవాళ్లకు ఇది కనబడదు. పింఛన్ ఆగిపోయిందని ముసలమ్మ వస్తే ముఖం చూసి వింటున్నావా, ఫోన్ చూస్తూ "రేపు రా" అంటున్నావా? చదువులో అయితే, మాక్ టెస్టులో మార్కులు తగ్గడం పెద్ద విషయం కాదు. మార్కులు చూసుకోవాలని కూడా అనిపించడం లేదా? అది రాసుకో.

క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకులు 1981లో బర్నౌట్‌కు 22 ప్రశ్నలతో ఒక కొలత ఇచ్చారు. "ఎప్పుడూ లేదు"కు 0, "రోజూ ఉంది"కి 6. మూడు గుర్తుల మార్కులను కలిపి కూడరు, దేనికది విడిగా చూస్తారు. నువ్వు కూడా రెండు వారాలు రాత్రి పడుకునే ముందు ఈ మూడింటి మీదా ఒక్కో ముక్క రాయి. ఉద్యోగానికి ఒక పేజీ, చదువుకు ఒక పేజీ. రెండూ కలిపేస్తే ఏది నిన్ను తింటున్నదో తెలియదు. సెలవు మర్నాడు ఎలా ఉందో తప్పక రాయి. నిద్రపోతే తేలికపడేది మామూలు అలసట.

ఈలోగా ప్రభుత్వ ఆస్పత్రికి పోయి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు అవసరమో కాదో డాక్టరును అడుగు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా ఇలాగే కాళ్లు ఈడుస్తాయి.

ఇంకొకటి. పని దగ్గర మాత్రమే మనసు రాకపోతే ఒక లెక్క. తిండి, దోస్తులు, బోనాల పండుగ, దేని మీదా మనసు లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకు. అర్ధరాత్రి అయినా నాకు ఫోన్ చెయ్యి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు చెయ్యి. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

మూడు గుర్తులూ నిజంగా ఉన్నాయని తేలితే నీ చేతకానితనమని అనుకోకు. పని ఎక్కువైందా, నిర్ణయాలు నీ చేతిలో లేవా, గుర్తింపు లేదా, తోడు లేదా, అన్యాయం జరుగుతోందా, మనసుకు నచ్చని పని చేయాల్సి వస్తోందా అని చూడు. మాస్లాక్, ఆమెతో పనిచేసిన పరిశోధకుడు మైకేల్ లైటర్ చెప్పిన ఆరు కారణాలూ ఇవే. కారణం తేలకుండా యోగా చెయ్యి, టూర్ పో అని నేను చెప్పను. పని ఎక్కువైతే వారంలో రెండు సాయంత్రాలు పుస్తకం పక్కన పెట్టు. పక్క ఊరి పని కూడా నీ మీదే వేశారంటే ఎంపీవో (మండల పంచాయతీ అధికారి) గారికి నోటి మాటగా కాదు, కాగితం మీద పెట్టు, రసీదు తీసుకో. ఆ కాగితం రాయడానికి సాయం కావాలంటే ఆదివారం నల్లగొండ రా, కూర్చుని రాద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ