మీరు అడిగారు: ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఫ్రీ బస్సు

ప్రశ్న: అన్నా, అనంతపురంలో ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌గా చేస్తున్నా. సొంతంగా చిన్న షాపు పెట్టాలని ఉంది. ఫొటోషాప్, కోరల్‌డ్రా కొనే స్తోమత లేదు, క్రాక్ వెర్షన్లు వద్దనుకుంటున్నా. గింప్, ఇంక్‌స్కేప్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్లతో నెట్టుకురావచ్చా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: బ్రహ్మాండంగా నెట్టుకురావచ్చు తమ్ముడూ. ఫొటోలు కత్తిరించి రంగులు దిద్దడానికి గింప్, అక్షరాలకూ లోగోలకూ ఇంక్‌స్కేప్ పెట్టుకుంటే పెళ్లి బ్యానర్లు, షాపు బోర్డులు హాయిగా అయిపోతాయి. గింప్‌లో ఒకసారి వేసిన ఎఫెక్టును తర్వాత మార్చుకోలేమని చాలామంది విసుక్కునేవాళ్లు, 2025లో వచ్చిన 3.0తో ఆ ఇబ్బంది చాలావరకు పోయింది. నీకు అసలు తలనొప్పి తెలుగు అక్షరాలతో వస్తుంది. ఇప్పుడు నువ్వు చేసే షాపులో పాత ఫైళ్లన్నీ ‘అను’ ఫాంట్లలోనే ఉండుంటాయి, అవి యూనికోడ్ (ఏ సిస్టంలోనైనా అక్షరాలు అక్షరాలుగానే కనబడే పద్ధతి) కాదు, ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే ‘జన్మదిన శుభాకాంక్షలు’ ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వరసకడతాయి. అందుకే సొంత షాపులో మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైపు చెయ్. మండలి, సూరన్న, ధూర్జటి, రామభద్ర లాంటి ఫాంట్లు ఫ్రీగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు, లైసెన్సే అలాంటిది. (లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్స్‌కు రామభద్ర వేసి చూడు, ఆ లావు అక్షరాలు రోడ్డు అవతలి నుంచే కనబడతాయి.)

ఇంకో మాట. గింప్‌లో నేరుగా సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు సిరా రంగుల పద్ధతి) పని చేసుకోలేం, కాబట్టి ఆఫ్‌సెట్ ప్రెస్సుకు వెళ్లే కరపత్రాల పేజీలు స్క్రైబస్‌లో కట్టు, అదీ ఫ్రీనే. ఫ్లెక్స్ అయితే ముందు చిన్న ముక్క ప్రింటు తీయించి చూసుకో, స్క్రీన్ మీద మెరిసిన ఎరుపు గుడ్డ మీదికొచ్చేసరికి ఇటుక రంగు కావచ్చు, దాంతో కస్టమర్ డబ్బులు ఎగ్గొట్టడానికి సాకు దొరుకుతుంది. ఫ్రీవి నాసిరకం అని ఎవరైనా అంటే, బ్లెండర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తీసిన లాట్వియా యానిమేషన్ సినిమాకు 2025లో ఆస్కార్ వచ్చిందని చెప్పు.

ప్రశ్న: నేను గుత్తి నుంచి అనంతపురం వెళ్లి బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను. ఇదివరకు ఓనరు జీతంతో పాటు బస్సు చార్జీ ఇచ్చేవారు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ‘ఇంకెందుకమ్మా’ అని ఆపేశారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: నా దృష్టిలో కాదమ్మా. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం నీకోసం పెట్టింది, మీ ఓనరు గల్లాపెట్టె కోసం కాదు. అయినా చార్జీ ఒక్కటేనా ఖర్చు? బస్టాండు నుంచి షాపు దాకా ఆటోకు ఎవరిస్తారు? ఫ్రీ బస్సులో సీటు దొరక్క నిలబడి వచ్చే టైముకు ఎవరిస్తారు?

అయితే చట్టం మాట వేరు. మన దగ్గర ప్రైవేటు ఓనరు ప్రయాణ ఖర్చు ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు, మాట్లాడుకున్నదాన్ని బట్టే. నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ అలవెన్సు రాసి ఉంటే గట్టిగా అడుగు, నోటి మాటే అయితే రుజువు చూపడం కష్టం, బతిమాలి చూడు. బ్రెజిల్‌లో చూడు, జీతంలో 6 శాతం దాటిన రానుపోను ఖర్చు యజమానే భరించాలి, ఫ్రాన్స్‌లో బస్సు పాసులో సగం ఇవ్వాలి. మనకు ఆ రోజు ఎప్పుడొస్తుందో! ఒక్కటి మాత్రం చూసుకో, నీ జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కటింగ్ ఉందా? ఉంటే పనికి వస్తూ పోతూ దారిలో జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం తేలితే, డ్యూటీలో జరిగినట్టే లెక్క. 2010 నుంచి ఉన్న రూలే ఇది.

ప్రశ్న: మా డిజైనర్లను ఇంటి నుంచే పని చేయమంటే ఈ చార్జీల గొడవే ఉండదు కదా?
– ఒక షాపు యజమాని, కడప

జవాబు: ఉండదు సార్. అప్పుడు వాళ్ల కరెంటు బిల్లు, నెట్టు బిల్లు, కంప్యూటరు మీరివ్వండి.