‘విధి బలీయం’ అని రాసే ముందు

చిరంజీవికి,

నీ జీవితం గురించి నీలో నువ్వు మాట్లాడుకున్నట్టు రాసి పంపిన స్వగతం పన్నెండు పేజీలూ చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఏడో పేజీ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. అక్కడ ఇలా రాశావు: “ఆ ఉత్తరం నాకు ఒక రోజు ఆలస్యంగా అందింది. విధి బలీయం. మనిషి దాని చేతిలో కీలుబొమ్మ.” మొదటి వాక్యం చదివి ఊపిరి బిగబట్టాను. ఎవరు రాశారా ఉత్తరం? ఆ ఒక్క రోజులో ఏం చెయ్యి దాటిపోయింది? నువ్వు చెప్పలేదు. రెండో వాక్యానికే ఉత్తరాన్ని వదిలేసి విధిని పట్టుకున్నావు. పన్నెండు పేజీల్లో నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేనిది ఉత్తరం గురించిన ఆ మొదటి వాక్యమొక్కటే. మిగతావి చాలామంది రాశారు, ఇంకా రాస్తారు.

కలం పేరు, పత్రికల చిరునామాలు, పుస్తకంగా వేసుకోవడం, వీటి గురించి అడిగావు. అవన్నీ తర్వాత. ఇలాంటి స్వగతాలకు లోతు ఎలా వస్తుందన్న ప్రశ్నకే ఇప్పుడు జవాబు రాస్తాను.

ప్రేమ, నీతి, విధి, సత్యం గురించిన ప్రతి ఆలోచనకూ అది పుట్టిన చోటు కాగితం మీద కనిపించాలి. ఏం జరిగితే ఆ ఆలోచన వచ్చింది, అంతకుముందు నువ్వేమనుకున్నావు, మధ్యలో ఎక్కడ తడబడ్డావు అన్నవి లేకపోతే నీ నిశ్చయం పాఠకుడికి అక్కరకు రాదు. ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్ 1641లో లాటిన్‌లో అచ్చువేసిన తత్వగ్రంథంలో ‘ధ్యానాలు’ అనే భాగాలు ఆరు. రోజుకొకటి చొప్పున సాగిన ఆలోచనలా నడుస్తాయి. మొదటిదంతా కూల్చివేతే. కళ్ళు మోసం చేస్తాయి, ఇదంతా కల కావచ్చు, ఏదో మాయావి శక్తి భ్రమ పెడుతూ ఉండవచ్చు అంటాడు. తాను ఉన్నాడన్న నిశ్చయం రెండో ధ్యానంలో గానీ దొరకదు. జనం ఆ నిశ్చయాన్ని మాత్రం వల్లిస్తారు. దాని బలమంతా ముందు రోజు సందేహంలో ఉంది. నువ్వు ఆ ముందు రోజును ఎగరగొట్టి నేరుగా తీర్పు దగ్గరికి వచ్చేస్తున్నావు.

పని ఇలా మొదలుపెట్టు. ఒక నోట్‌బుక్ తీసుకో. ఎడమ పేజీలో సంఘటన మాత్రమే రాయి: ఎవరు, ఎక్కడ, ఏ వేళ, ఎవరేమన్నారు. పది పన్నెండు వరసలు చాలు. అక్కడ ‘ప్రేమ’, ‘జీవితం’, ‘ఆత్మ’ లాంటి మాట ఒక్కటీ రానివ్వకు. కుడి పేజీ ఆ రోజు ఖాళీగా వదిలెయ్. ఆలోచనను మర్నాడు రాయి, రెండు పేజీలకూ తేదీ వెయ్యి. అదే రోజు రాస్తే ఆవేశం తీర్పు చెప్పేస్తుంది. నెల తర్వాత రాస్తే సంఘటనే ఆ తీర్పుకు తగ్గట్టు మారిపోతుంది. ఎడమ పేజీలో రాయడానికేమీ లేకపోతే కుడి పేజీ జోలికి పోకు.

తర్వాత పెన్సిల్ పట్టుకుని పెద్ద మాటల కింద గీత గియ్యి. ఒక పేరాలో రెండుకు మించితే ఆ పేరా తిరగరాయి. నీ మూడో పేజీలో ఒకే పేరాలో పదకొండు ఉన్నాయి. వీటితో వచ్చే చిక్కేమిటంటే, చదివేవాళ్ళు తమ అర్థాన్ని తామే అందులో నింపుకుని తల ఊపుతారు. నీకు చెప్పినట్టుంటుంది, వాళ్ళకు అర్థమైనట్టుంటుంది, ఇటు నుంచి అటు చేరింది మాత్రం ఏమీ ఉండదు.

ఇక విధి. “దూరం పెరిగింది, మాట జారింది, బంధం తెగిపోయింది” అని రాశావు. మూడు వాక్యాల్లోనూ ఎవరూ ఏమీ చెయ్యలేదు! మన భాషలో చేసినవాళ్ళ ఊసు లేకుండానే వాక్యం హాయిగా నడుస్తుంది, అందుకే ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రతి వాక్యానికీ చేసినవాళ్ళను పట్టుకొచ్చి నిలబెట్టు. “మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఎందుకని అడిగితే పనుందన్నాను” అని రాయగలవేమో చూడు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం పద్నాలుగో శ్లోకం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, చివరికి దైవం. దైవం ఐదోది. ముందున్న నాలుగింటినీ వరసగా వెతికి, చోటు వల్ల ఎంత, నీ వల్ల ఎంత, చేతిలో ఉన్నవాటి వల్ల ఎంత, చేసిన ప్రయత్నం వల్ల ఎంత అని లెక్క తేల్చాక ఏదైనా మిగిలితే, అప్పుడు ఐదోదాని గురించి మాట్లాడు. అలా మిగిలేది కొంచెమే ఉంటుంది. ఆ కొంచెం గురించి రాస్తే చదివేవాళ్ళు నమ్ముతారు.

విధి విషయంలో ఇంకో బోల్తా ఉంది. జరిగిపోయాక వెనక్కి చూస్తే ప్రతి చిన్న సంగతీ ముందే సూచించినట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడు: ఆ సంఘటనకు ముందు రోజు రాత్రి ఇంకా ఏమేం జరగడానికి వీలుందో, మూడు దారులైనా కాగితం మీద పెట్టు. నిజంగా ఒక్క దారే ఉండిందని తేలితే ‘తప్పనిసరి’ అను. నాకు తెలిసి అలా తేలడం చాలా అరుదు.

నీతి గురించిన పేజీల్లో ‘కూడదు’, ‘చెయ్యాలి’ ఎక్కువైపోయాయి. నిన్ను మోసం చేశాడని నువ్వు రాసిన ఆ స్నేహితుడి పక్షాన, అతని గొంతుతో, పది వరసలు రాయి. అతను చదివితే “అవును, నేను ఇదే అంటాను” అనేలా ఉండాలి. అలా రాయలేకపోతే తీర్పు చెప్పే వేళ ఇంకా రాలేదు. రాయగలిగాక కూడా అతనిది తప్పే అనిపిస్తే నిర్భయంగా తప్పని రాయి. దాంతోపాటు నువ్వు నమ్మిన విలువను పట్టుకున్నందుకు నువ్వేం పోగొట్టుకున్నావో కూడా చెప్పు.

ప్రేమ గురించి నాలుగు పేజీలున్నాయి. ప్రేమించిన మనిషి ఒక్క వరసలోనూ లేరు. ఆ నాలుగూ తీసెయ్.

చివరి వరసల సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. “ముగింపులో ఒక మంచి మాట, కాస్త ఆశ ఉంటే బాగుంటుంది” అని అడిగే సంపాదకులున్నారు. బొమ్మ మీద అచ్చువేసుకోవడానికి వీలైన వాక్యాలను ఏరుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చిపడింది. ఈ రెండూ కలిసి స్వగతం అనే ప్రక్రియను సూక్తుల సంచీ చేశాయి. సందేహంతో ఆగిన పేజీని సందేహంతోనే ఆగనివ్వు. తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ నిశ్చయం గురించి రాసుకున్న చివరి గమనికలకు తేదీలున్నాయి. ఆఖరిది 1951 ఏప్రిల్ 27, ఆయన పోయింది 29న. తీర్పు కోసం తొందరపడకుండా అవే ప్రశ్నలను మళ్ళీ మళ్ళీ తిరగేశాడు. ఫ్రెంచి రచయిత మోంటేన్ తన వ్యాసాలను 1580లో అచ్చువేశాడు, 1588లో పెంచి మళ్ళీ వేశాడు, 1592లో పోయేదాకా అచ్చయిన పుస్తకం అంచుల్లో కొత్త మాటలు కలుపుతూనే ఉన్నాడు. నువ్వు కూడా పాత అభిప్రాయాన్ని చెరిపెయ్యకు. దాని కిందే కొత్త తేదీ వేసి కొత్తది రాయి. రెండూ ఒకదాన్నొకటి కాదన్నా సరే, చదివేవాళ్ళు నీ మనసు కదలడాన్ని చూస్తారు.

మూడు వారాలు పక్కన పెట్టి, తర్వాత పైకి చదువు. నీకే ఉపన్యాసంలా వినిపించిన వాక్యాలు కొట్టెయ్. పన్నెండు పేజీలు నాలుగైనా పరవాలేదు.

అచ్చుకు పంపే ముందు ఒకటి చూసుకో. నీ స్వగతంలో బతికున్న మనుషులున్నారు. పేరు, ఊరు, ఉద్యోగం మార్చు. నీ ఆలోచన దేని మీద నిలబడిందో ఆ ఒక్క వివరం మాత్రం మార్చకు, మారిస్తే ఆలోచన అబద్ధమవుతుంది. ఇంత మార్చినా ఆ మనిషిని నలుగురూ గుర్తుపట్టేలా ఉంటే ముందు వాళ్ళకు చూపించు. వద్దంటే ఆ పేజీని నోట్‌బుక్‌లోనే ఉంచి, పత్రికకు ఇంకో పేజీ పంపు.

ఆశీస్సులతో.