సమ్మె టెంటు దగ్గరికి వెళ్తానన్న మా అమ్మాయికి

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. మున్సిపల్ ఆఫీసు ముందు పారిశుద్ధ్య కార్మికులు టెంటు వేసి నాలుగు రోజులైందనీ, మీ స్నేహితులంతా కలిసి వాళ్లకు ఏదైనా చెయ్యాలనుకుంటున్నారనీ రాశావు. చాలా సంతోషం. కానీ ఆదివారం పొద్దున్నే చీపుళ్లు పట్టుకుని మీ వీధులు మీరే ఊడుస్తామన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యొద్దు. పని ఆపడం తప్ప వాళ్ల చేతిలో ఇంకేముంది? సేవ అనుకుని ఆ పని మీరు చేసిపెడితే, వాళ్లు లేకపోయినా ఊరు నడుస్తుందని చూపించినట్టవుతుంది.

మరి చెత్త సంగతి ఏమిటంటావా? పొడి చెత్త సంచుల్లో కట్టి మేడ మీద పెట్టుకోండి. కూరగాయల తొక్కలు పెరట్లో గుంట తీసి పూడ్చండి. పెరడు లేనివాళ్లు పాత బకెట్లో మట్టి పొరలు వేసుకుంటూ దాచొచ్చు. రోడ్డు మీద విసరొద్దని మీ అపార్ట్‌మెంటులో ప్రతి తలుపూ తట్టి చెప్పు. సమ్మె అయ్యాక ఆ కుప్పలు ఎత్తాల్సింది వాళ్లే. పైగా రోడ్డు మీద చెత్త కుళ్లేకొద్దీ జనానికి కోపం వచ్చేది ఆఫీసు మీద కాదు, కార్మికుల మీద.

నాకు ఇవన్నీ తెలిసింది అంగన్‌వాడీల సమ్మెలో. 2023 డిసెంబర్ 12న మన ఆంధ్రప్రదేశ్ అంతా మొదలై 42 రోజులు నడిచింది. అప్పటికి టీచరుకు వచ్చేది నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వాళ్లకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం విరమించేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము, వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దానికోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. నా దగ్గర ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు అంతకుముందే పలక పట్టుకోవడం నేర్పిన ఆడవాళ్లు వాళ్లు. రిటైరై ఇంట్లో కూర్చోలేక వెళ్లాను.

రెండో రోజే పెద్ద గిన్నెడు పులిహోర చేసుకుని వెళ్లాను, ఎవరినీ అడగకుండా. అక్కడ అప్పటికే మూడు చోట్ల నుంచి భోజనాలు వచ్చి ఉన్నాయి. నా పులిహోర మిగిలిపోయింది. వాళ్లకు ఆ రోజు కావలసింది పక్కనే ఆడవాళ్లు వెళ్లగలిగే బాత్రూం. వందమంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటున్నారు. పక్క వీధిలో తెలిసిన వాళ్లింటికి వెళ్లి మాట్లాడాను. వాళ్లు సరేనన్నారు. నలభై రెండు రోజుల్లో నేను చేసినవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది అదే. అందుకని నువ్వూ ముందు వెళ్లి కూర్చో. టెంటు నడిపే అక్కల్ని ఏం కావాలని అడుగు. చెప్పింది చెయ్యి.

మొదటి వారం అందరూ వస్తారు. నాయకులు, ఫొటోలు, మైకులు. ఇరవయ్యో రోజు దాటాక చూడు, కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అప్పుడు వెళ్లడమే అసలు సాయం. ఎందుకంటే సమ్మె టెంటులో విరగదు, ఇంట్లో విరుగుతుంది. వెనక వరసలో ఒక ఆయా కూర్చునేది. మంగళవారం పదకొండు గంటలకల్లా ఫోను బోర్లా పెట్టేసేది. అది మోగగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని టెంటు వెనక్కి వెళ్లేది. మూడో మంగళవారం నేనూ వెనకే వెళ్లాను. వారం కిస్తీ అబ్బాయి ఫోను. పైగా డ్వాక్రా బకాయి వేరే. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మేము నలుగురం వాళ్ల గ్రూపు ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, రెండు నెలలు ఆమె వాటా వాళ్లు సర్దుతామనేలా మాట్లాడాం. ఆ తర్వాత ఆమె ముందు వరసలోకి వచ్చి కూర్చుంది.

కాబట్టి డబ్బు పోగు చేస్తే అద్దె, కిస్తీ, పిల్లల ఫీజు ఎవరికి గడవట్లేదో యూనియన్ వాళ్లతో కలిసి రహస్యంగా కనుక్కో. నీ చేత్తో నువ్వు పంచొద్దు. యూనియన్‌కే ఇవ్వు, రసీదు తీసుకో, ఎంత వచ్చిందో ఎంత ఖర్చయిందో టెంటు దగ్గర బోర్డు మీద రాయమను. డబ్బు దగ్గర చిన్న అనుమానం వచ్చినా మనుషులు విడిపోతారు.

ఫొటోల విషయంలో మరీ జాగ్రత్త. మొహాలు కనపడే ఫొటో అడగకుండా పెట్టొద్దు. అవుట్‌సోర్సింగ్ వాళ్లను తీసెయ్యడం తేలిక, నీ ఫొటోయే సాక్ష్యం అవుతుంది.

ఇది చెప్పడానికి కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. 2024 జనవరి 6న ప్రభుత్వం అంగన్‌వాడీల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. ఉద్యోగాలు పోతాయన్న భయం ఇళ్లల్లోకి వచ్చేసింది. మా టెంటులో ఒకామె మర్నాడే సంతకం పెట్టి పనిలో చేరిపోయింది. సంతలో ఎదురైతే నేను మొహం తిప్పుకున్నాను. ఆమె మొగుడు మంచం పట్టి ఆరు నెలలైందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ సంత గుర్తొస్తే మనసు బాగుండదు. నీకు జీతం పోదు, నోటీసు రాదు. ఇంకా పట్టుబట్టండి అని గానీ, ఇంతకే ఒప్పుకున్నారా అని గానీ అనే హక్కు మనకు లేదు. కొనసాగించాలా, విరమించాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. అంగన్‌వాడీలు అడిగింది నెలకు 26,000. సమ్మె విరమించిన రోజు చేతికొచ్చింది జూలైలో పెంచుతామన్న హామీ. ఆ రాత్రి వాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను పక్కన ఊరికే నిలబడ్డాను.

మైకు ఇస్తే రెండు నిమిషాలు మాట్లాడు, చాలు. మీ ఇంటి ముందు ఊడ్చే ఆమెకు ఎంత జీతం వస్తుందో, గ్లౌజులూ బూట్లూ చివరిసారి ఎప్పుడిచ్చారో కనుక్కుని అది చెప్పు. అదే మాట మీ వీధిలోనూ చెప్పు. వీధివాళ్లు నలభైమంది సంతకాలు పెట్టి కమిషనర్‌కు వినతిపత్రం ఇస్తే, చర్చలకు పిలవాల్సిన ఒత్తిడి ఆఫీసు మీద పడుతుంది. చర్చల్లో ఒప్పుకున్నవి కాగితం మీద రాసిస్తేనే లెక్క అని కార్మికులకు నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్లకు బాగా తెలుసు.

రేపు సాయంత్రం టెంటు దగ్గర ఓ గంట కూర్చుని రా. రాత్రిళ్లు ఎవరు కాపలా ఉంటున్నారో, వాన వస్తే పైన కప్పడానికి ఏముందో చూడు. మన ఇంట్లో ధాన్యం మీద కప్పే పెద్ద టార్పాలిన్ ఉంది. కావాలంటే ఫోన్ చెయ్యి, పొద్దున బస్సుకి నేనే పట్టుకొస్తాను.

మీ పెద్దమ్మ