ఫోన్ చూస్తూ గుద్దాడు, ఇప్పుడు కాదంటున్నాడు

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కారును వెనక నుంచి ఒకతను గట్టిగా గుద్దాడు. నేను దిగి వెళ్లేసరికి అతని చేతిలో ఫోన్ ఉంది, స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది. ‘సారీ అండీ, మెసేజ్ వస్తే ఒక్కసారి చూశాను’ అన్నాడు. ఇప్పుడు ఆ మాటే అనలేదంటున్నాడు. పైగా నేనే సడెన్‌గా బ్రేక్ వేశానట. పక్క సీట్లో ఉన్న మా నాన్నగారికి రెండు రోజుల తర్వాత మెడ నొప్పి మొదలైంది. అతని ఇన్సూరెన్స్ వాళ్లేమో సంతకం పెడితే వెంటనే డబ్బు వేస్తామని రోజూ ఫోన్ చేస్తున్నారు. పెట్టెయ్యమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: పెట్టకండమ్మా. నాన్నగారి మెడ సంగతి డాక్టరు తేల్చేదాకా ఏ కాగితం మీదా సంతకం వద్దు. ఆ కాగితంలో ‘ఈ ప్రమాదానికి సంబంధించి ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. రేపు స్కాన్‌లో డిస్క్ జారిందని తేలినా, ఆ సంతకాన్ని కాదనిపించుకోవడం చాలా కష్టం. వెనక నుంచి గుద్దిన ప్రమాదాల్లో మెడ నొప్పి ఆలస్యంగా బయటపడటం మామూలే. అందుకే ఈరోజే డాక్టరుకు చూపించి, ప్రమాదం ఎలా జరిగిందో కేస్ షీట్‌లో రాయించండి. ఫోన్ చేసినవాళ్లు ‘మీ మాట రికార్డు చేసుకుంటాం’ అంటే, లాయరుతో మాట్లాడాక చెబుతానని మర్యాదగా ఫోన్ పెట్టేయండి.

మీరు ఎక్కడ ఉంటున్నారో రాయలేదు. చట్టం, గడువులు, జరిమానాలు దేశాన్ని బట్టి మారతాయి. సాక్ష్యం సంగతి మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే, కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

ఆగి ఉన్న బండిని గుద్దినవాడిదే తప్పు అని చాలా చోట్ల ముందే అనుకుంటారు. ఆ లెక్కన ఫోన్ సంగతి నిరూపించకపోయినా మీ కేసు నిలబడుతుంది. మరి ఫోన్ ఎందుకంటే, ‘ఆవిడే సడెన్‌గా బ్రేక్ వేసింది’ అన్న అతని కథ దాంతోనే కూలుతుంది. కొంత తప్పు మీ మీదకు నెడితే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. వాళ్ల ప్రయత్నమంతా దానికే.

‘కాల్ డేటా తెప్పిస్తే సరిపోతుంది కదా’ అని అందరూ అడుగుతారు. సగమే సరిపోతుంది. కాల్ రికార్డులో మాట్లాడిన సమయం, మామూలు ఎస్ఎంఎస్ సమయం ఉంటాయి. వాట్సాప్ మెసేజ్ అయితే అందులో కనపడదు, ఇంటర్నెట్ వాడినట్టు మాత్రమే తెలుస్తుంది. ఫోన్ జేబులో ఉన్నా ఇంటర్నెట్ దానంతటదే నడుస్తూ ఉంటుంది కాబట్టి, అవతలి లాయరు ఆ ఒక్క మాటతో దాన్ని కొట్టేయగలడు. ఫోన్‌నే నిపుణులు పరిశీలిస్తే లాక్ ఎప్పుడు తీశారో, స్క్రీన్ మీద ఏ యాప్ ఉందో చాలాసార్లు చెప్పగలరు. అది కోర్టు అనుమతితో జరగాల్సిన పని. మీరు మాత్రం అతని ఫోన్ లాక్కోవడం, తెలిసినవాళ్లతో రికార్డులు లాగించడం లాంటివి చేయకండి. మంచి కేసు దాంతో పాడవుతుంది.

రెండోది అతని కారు. చాలా కొత్త కార్లలో ఢీకొట్టడానికి ముందు సుమారు 5 సెకన్ల పాటు వేగం ఎంత, బ్రేక్ నొక్కారా లేదా అన్నది నమోదు చేసే పరికరం ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు తల దించితే బండి 50 మీటర్లు వెళ్లిపోతుంది. అంత దూరంలో ఎదురుగా ఆగి ఉన్న కారు కనిపిస్తున్నా బ్రేక్ మీద కాలే పడలేదంటే, అతను రోడ్డు చూడలేదనడానికి గట్టి ఆధారం. దాన్ని ఫోన్‌లో లాక్ తీసిన సమయంతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. పోలీసులు రాసే సమయం చాలాసార్లు ఎవరో చెప్పిన అంచనా. ‘సుమారు 6 గంటలకు’ అని రాస్తే, 6 గంటల 4 నిమిషాలకు వచ్చిన మెసేజ్ ప్రమాదానికి ముందుదా, తర్వాతదా అన్న వాదన మొదలవుతుంది. మీరు పోలీసులకో, ఇంటికో చేసిన మొదటి కాల్ సమయం మీ ఫోన్‌లోనే ఉంటుంది. ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

అతను అన్న ‘సారీ’ మాట కూడా సాక్ష్యమే. మీరు, నాన్నగారు విడివిడిగా, గుర్తున్నది గుర్తున్నట్టు, అతని మాటల్లోనే రాసి తేదీ వేయండి. పక్కన ఎవరైనా విన్నారేమో కనుక్కోండి. సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది, కాబట్టి ముందు దాని వెంట పడండి. లాయరు చేత మొదట పంపించాల్సింది పరిహారం నోటీసు కాదు. ఫోన్, కారు, వాటిలోని సమాచారం ఏదీ చెరపకూడదని అతనికీ, ఇన్సూరెన్స్‌కీ రాతపూర్వకంగా ఇచ్చే నోటీసు. ఆ తర్వాత కూడా చెరిపేస్తే, అతనికి వ్యతిరేకంగా అర్థం చేసుకునే అధికారం చాలా కోర్టులకు ఉంది.

పోలీసులు ఫోన్ వాడకం మీద కేసు రాయలేదని నిరాశపడొద్దు. శిక్ష వేయడానికి అనుమానానికి తావులేని రుజువు కావాలి. పరిహారానికి ‘అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది’ అని చూపిస్తే చాలు.

ప్రశ్న: నన్ను గుద్దినవాడు బ్లూటూత్‌లో మాట్లాడుతున్నాడట, అది చట్టవిరుద్ధం కాదంటున్నాడు. అవతల మాట్లాడింది అతని ఆఫీసు మేనేజరట.
– ఒక పాఠకుడు

జవాబు: జరిమానా పడకపోవడం వేరు, నిర్లక్ష్యం లేకపోవడం వేరు. టొరంటోలో ప్రమాదంలో చిక్కుకున్న 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు పరిశీలించిన పరిశోధన 1997లో వచ్చింది. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఢీకొట్టే ప్రమాదం దాదాపు నాలుగు రెట్లని, చేతిలో పట్టుకోని ఫోన్‌తో భద్రత పెరిగినట్టు కనపడలేదని అందులో తేలింది. పరధ్యానంలో ఉన్నాడని చూపిస్తే చాలు, ఫోన్ ఎక్కడ పెట్టుకున్నాడన్నది ముఖ్యం కాదు.

మేనేజరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆఫీసు పని మీద వెళుతూ ప్రమాదం చేస్తే, యజమాని కూడా బాధ్యుడవుతాడన్నది చాలా దేశాల్లో పాత సూత్రమే. ఆఫీసు కాల్ మాట్లాడుతున్నాడన్న ఒక్క కారణం చాలకపోవచ్చు, ఆ ప్రయాణం పని కోసమేనా అన్నది చూస్తారు. డ్రైవరు ఇన్సూరెన్స్ చాలనప్పుడు ఇదే మీకు దారి. అందుకని సాక్ష్యాలు చెరపొద్దనే నోటీసు కంపెనీకి కూడా పంపించండి. ఆ రోజు అతని డ్యూటీ వేళలు, ఆఫీసు ఇచ్చిన ఫోన్ బిల్లు దాచి ఉంచమని అందులో పేరుపేరునా రాయించండి.