శక్తిమాన్ లారీ కొనొచ్చా?

ప్రశ్న: వేలంలో పాడుకున్న పాత మిలిటరీ శక్తిమాన్ లారీని ఒక వ్యాపారి అమ్ముతానంటున్నాడు. బాగు చేయించి, ఆలివ్ గ్రీన్ రంగే వేయించాలని నా కోరిక. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తీసుకోండి బాబూ, కానీ ఆ రంగు మాత్రం వద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకే చెల్లుతుంది. ఇసుక రంగు వేయించండి, ఈ బండికి భలే నప్పుతుంది.

జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన లారీ ఇది. 1996లో ఆపేశారు. అందుకే విడిభాగాల వేట తప్పదు. వేలం కాగితాల్లోని ఛాసిస్ (లారీ కింది ఇనుప చట్రం) నంబరు, ఆ చట్రం మీద చెక్కిన నంబరు ఒకటేనా? మీరే చేత్తో తుడిచి చదవండి. తేడా ఉంటే బేరమే వద్దు.

ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టే. తర్వాత లారీ కిందికి దూరి, తొట్టి ఆనే చోట ఛాసిస్‌ను సుత్తితో తట్టండి. ఖంగుమనకుండా మొద్దుగా మోగితే తుప్పు తినేసినట్టు. ఇంజన్ ఎంత పాడైనా బాగు చేయొచ్చు, తుప్పు తిన్న ఛాసిస్‌తో మాత్రం నేను రాజీపడను. బ్రేకు రబ్బరు గొట్టాలు ఎంత బాగా కనిపించినా అన్నీ మార్చాకే రోడ్డెక్కించండి.